కంటిపాపలో తెల్లని మెరుపు: పాపం కాదు, జన్యువులో లోపం

ఫొటోలో పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరుస్తుంది. 'పిల్లి కన్ను' అంటారు కొందరు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందనీ, పూర్వజన్మ పాపమనీ తేల్చేస్తారు ఇంకొందరు. ఆ మెరుపు రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్ల కావచ్చు. పుట్టే ప్రతి 15 వేల నుంచి 20 వేల మందిలో ఒకరికి, ఎక్కువగా ఐదేళ్లలోపే వస్తుంది. ఈ నిందలకు జవాబు కణంలోనే ఉంది.

మైక్రోస్కోపు కింద ఏముంది?

ఈ గడ్డ కణాలు చిన్నవి, గుండ్రనివి. కణమంతా కేంద్రకమే నిండి ఉంటుంది కాబట్టి పరీక్ష కోసం రంగు వేస్తే ముదురు నీలంగా కనిపిస్తాయి. రక్తనాళాల చుట్టూ ఉన్న కణాలు బతుకుతాయి. దూరంగా ఉన్నవి చచ్చి, అక్కడక్కడ సున్నంలా కాల్షియం పేరుకుంటుంది. కొన్నిచోట్ల కణాలు మధ్యలో చిన్న ఖాళీ వదిలి చుట్టూ పువ్వు రేకుల్లా చేరతాయి. వీటిని ఫ్లెక్స్‌నర్-వింటర్‌స్టైనర్ రోజెట్లు అంటారు. వెలుతురును పట్టే కణాలుగా ఎదగబోయి దారితప్పిన ఆనవాళ్లవి.

అయితే ఈ జబ్బును తేల్చడానికి సూదితో ముక్క తీయరు. అలా తీస్తే కణాలు కంటి బయటికి పాకే ప్రమాదం ఉంది. కంటి లోపలి పరీక్ష, స్కానింగులతోనే నిర్ధారిస్తారు. కన్ను తీసేయాల్సి వచ్చినప్పుడు మాత్రం కణాలు కంటినరంలోకి చేరాయా అని మైక్రోస్కోపుతో వెతుకుతారు. నరం కోసిన అంచులోనూ అవి కనిపిస్తే మెదడు వైపు పాకే ముప్పు ఉన్నట్టే.

రెండు దెబ్బల లెక్క

కణం హద్దు మీరి విడిపోకుండా ఆపే ఆర్‌బీ1 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. దాని ప్రతులు రెండు: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ చెడితేనే గడ్డ మొదలవుతుంది. ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో 48 మంది రోగుల వివరాలు లెక్కగట్టి ఈ సంగతి ఊహించాడు. 1986లో జన్యువే దొరికింది.

దాదాపు 40 శాతం పిల్లల్లో మొదటి దెబ్బ పుట్టుకతోనే ఒంట్లోని కణాలన్నింటిలో ఉంటుంది. రెండు కళ్లకూ వస్తే దాదాపుగా ఇదే రకం. వీరి సంతానంలో ఒక్కో బిడ్డకు ఆ లోపం అందే అవకాశం 50 శాతం. పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ వంటి వాటి ముప్పూ ఎక్కువే. అయినా ఈ పిల్లల్లో ఎక్కువమందికి కుటుంబంలో ఇంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. లోపం వాళ్లతోనే కొత్తగా మొదలవుతుంది. మేనరికం వల్ల వచ్చేదీ కాదు: లోపమున్న ప్రతి ఒక్కరి నుంచి వచ్చినా చాలు.

జన్యువుకు కులం లేదు, వైద్యానికి ఉంది

సంపన్న దేశాల్లో ఈ పిల్లల్లో 95 శాతానికి పైగా బతుకుతున్నారు. మన దగ్గర చాలామంది ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారు. రోజు కూలి వదులుకుని పట్నం పోలేని వాడల బిడ్డలకు ఆ ఆలస్యమే ప్రాణాంతకం.

అడగాల్సినవి స్పష్టం. టీకాల రోజునే ప్రతి బిడ్డ కంటిలోకి వెలుగు వేసి చూడాలి, దానికి నిమిషాలు చాలు. జబ్బు తేలిన బిడ్డకు జన్యు పరీక్ష ఉచితంగా చేయాలి. లోపం దొరికితే తోబుట్టువులకూ చేయాలి. లోపం లేని తోబుట్టువుకు మత్తు ఇచ్చి చేసే పదేపదే పరీక్షలు తప్పుతాయి, ఉన్నవారికి కన్ను దక్కుతుంది. దయగా కాదు, ఆరోగ్య హక్కుగా అడగాలి.