నేలలో దొరికిన నగ: అది బంగారమేనా? విలువెంత? ఎవరికి చెందుతుంది?

మెటల్ డిటెక్టర్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తోంది. సరదాగా బీచ్‌లో తిరిగేవాళ్లు కొందరు, పొలంలో పడిపోయిన ఉంగరం కోసం వెతికేవాళ్లు ఇంకొందరు. మరి నిజంగానే నగ దొరికితే ఏం చేయాలి? తొందరపడి కడిగి, తొందరపడి అమ్మితే నష్టమే కాదు, ఒక్కోసారి జైలు కూడా తప్పదు.

మిషన్ చెప్పేది కొంతే

డిటెక్టర్ లోహం ఉందని చెబుతుంది గానీ అది బంగారమని గ్యారంటీ ఇవ్వదు. చిన్న బంగారు ఉంగరానికి, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగుకు తెరమీద దాదాపు ఒకే నంబరు వస్తుంది. అసలు పరీక్ష తవ్వి తీశాకే మొదలవుతుంది.

బంగారం మట్టిలో ఎన్నేళ్లున్నా తుప్పు పట్టదు, పసుపు రంగుతోనే బయటకొస్తుంది. వెండి నల్లబడుతుంది. రాగి, ఇత్తడి పచ్చగా చిలుము పడతాయి. గిల్టు నగకు అంచుల్లో పూత లేచిపోయి లోపలి లోహం కనిపిస్తుంది.

రుద్దకండి

చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ జోలికి వెళ్లొద్దు. పులుపు తగిలితే ముత్యాలు, పగడాలు పాడవుతాయి. కుందన్ నగల లోపల లక్క ఉంటుంది, వేడినీళ్లకు అది మెత్తబడి రాళ్లు ఊడిపోతాయి. మట్టిని మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు.

ముద్ర చూడండి

ఉంగరం లోపల, గొలుసు కొక్కెం దగ్గర భూతద్దంతో చూడాలి. 916 అంటే 22 క్యారెట్లు, 750 అంటే 18, 585 అంటే 14. 925 ఉంటే వెండి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ లేకుండా హాల్‌మార్క్ బంగారు నగ అమ్మకూడదు. ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత, నగల షాపు వివరాలు వస్తాయి. పోగొట్టుకున్నవాళ్లను వెతకడానికి కూడా అదే దారి. పాత నగల మీద ముద్ర లేకపోయినంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. కంసాలి చేతి పనికి అప్పట్లో ముద్ర ఉండేది కాదు.

ఇంట్లో చేసే పరీక్ష

అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అతుక్కోకపోతే మాత్రం బంగారమని కాదు, ఇత్తడి కూడా అతుక్కోదు. బరువు పరీక్ష ఇంకా నయం. చిన్న డిజిటల్ కాటా మీద ఉంగరం 8.85 గ్రాములు తూగిందనుకుందాం. తర్వాత నీళ్ల గ్లాసు కాటా మీద పెట్టి, రీడింగ్ సున్నా చేసి, ఉంగరాన్ని దారంతో అడుగు తగలకుండా నీళ్లలో ముంచాలి. కాటా 0.50 చూపితే, 8.85ను 0.50తో భాగించాలి. 17.7 వస్తుంది. అంటే 22 క్యారెట్ల లెక్క. 18 క్యారెట్లకు 15 పైన, వెండికి పదిన్నర దగ్గర, ఇత్తడికి ఎనిమిదిన్నర దగ్గర వస్తుంది. రాళ్లున్నా, లోపల బోలుగా ఉన్నా ఈ లెక్క కుదరదు. చివరి మాట గీటురాయిదో, ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్‌దో.

ధర ఎలా కడతారు?

రాళ్లు, లక్క బరువు తీసేసి, మిగిలినదాన్ని స్వచ్ఛతతో లెక్క కడతారు. 10 గ్రాముల 916 నగలో అసలు బంగారం 9.16 గ్రాములు. దానికి ఆ రోజు రేటు. కొన్నప్పుడు కట్టిన మజూరీ, తరుగు అమ్మేటప్పుడు తిరిగి రావు. ఒక్క షాపు మాట నమ్మకుండా రెండు మూడు చోట్ల అడగాలి. మీ కళ్లెదుట తప్ప కరిగించనివ్వొద్దు.

పాత నగకు తూకం ధర ఒక్కటే ధర కాదు. పనితనం, రాళ్లు, వయసు కూడా లెక్కలోకి వస్తాయి. నిజాం నగలు 173 వస్తువులను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. అది బంగారం తూకానికి కట్టిన ధర కాదు కదా! కరిగించిన నగకు ఆ విలువ మళ్లీ రాదు.

దొరికింది మీదేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ మధ్య ఎవరో పోగొట్టుకున్న నగ అయితే పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలి. దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 సెక్షన్ కింద నేరం.

భూమిలో దాచిన సొత్తు సంగతి వేరు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ప్రకారం, పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు పడొచ్చు. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాళ్లకు ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. కోటలు, సమాధులు వంటి రక్షిత కట్టడాల దగ్గరైతే అనుమతి లేకుండా తవ్వడమే నేరం.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు కూడా జాగ్రత్త పడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 ట్రెజర్ యాక్ట్ కిందికి వచ్చే వస్తువు దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కు తెలపాలి.

కాబట్టి నగ దొరికిన వెంటనే చేయాల్సింది మూడే: ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయడం, స్థలం, తేదీ రాసుకోవడం, అధికారులకు చెప్పడం. ధర సంగతి ఆ తర్వాతే.