నర్సు-రోగి నిష్పత్తి

ఒక షిఫ్టులో ఒక నర్సు ఎంతమంది రోగులను చూసుకోవాలో చెప్పే లెక్క ఇది. 2023 జనవరిలో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్, మాంటెఫియోర్ ఆసుపత్రుల్లో సుమారు 7,000 మంది నర్సులు మూడు రోజులు సమ్మె చేశారు. జీతాల మాటా ఉంది కానీ, పట్టుబట్టింది ఈ లెక్క మీదే. నర్సు సెలైన్ మార్చాలి, బీపీ చూడాలి, వేళకు మందివ్వాలి, ఊపిరిలో తేడా వస్తే వెంటనే పసిగట్టాలి. చూడాల్సిన మంచాలు పెరిగితే ముందు తప్పిపోయేది ఆ చివరిదే. ప్రాణం నిలిపేదీ అదే. కాలిఫోర్నియాలో ఈ నిష్పత్తిపై 1999లో చేసిన చట్టం 2004లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఐసీయూలో ఇద్దరికి, సాధారణ వార్డులో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. నర్సు భోజనానికి వెళ్లినా ఆ లెక్క తప్పకూడదు.