సీఐడీలో చెంపదెబ్బ, కోర్టులో సున్నా

ఈ ఎపిసోడ్ కాస్త కోపంగానే ఉంటుంది, ముందే చెప్తున్నా.

సోనీ టీవీలో 1998లో మొదలైన సీఐడీ మనలో చాలామంది చూస్తూ పెరిగిందే. దయా తలుపులు బద్దలుకొట్టే మీమ్స్ నేనూ షేర్ చేస్తా. తలుపుతో నాకు పేచీ లేదు. పేచీ చివరి పది నిమిషాలతో. చెంప ఛెళ్లుమంటుంది, నిందితుడు ఫ్లాష్‌బ్యాక్‌తో సహా మొత్తం కక్కేస్తాడు. కేసు క్లోజ్!

అసలు కేసు అక్కడ క్లోజ్ అవ్వదు. పోలీసు అధికారి దగ్గర నేరం ఒప్పుకుంటే, ఆ మాటని నిందితుడి మీద రుజువుగా వాడకూడదు. 1872 సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. ఎందుకంటే కొడితే చెయ్యనివాడు కూడా చేశానంటాడు. బ్రిటిష్ వాళ్లకే వాళ్ల పోలీసుల మీద నమ్మకం లేదు, చూడండి.

ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్నవాడు "నేనే పొడిచా, కత్తి బావి పక్కన పాతిపెట్టా" అన్నాడనుకోండి. నిజంగా అక్కడ కత్తి దొరికితే, కత్తి ఎక్కడుందో చెప్పిన ముక్క వరకే చెల్లుతుంది. "నేనే పొడిచా" అన్నది చెల్లదు. పొడిచింది వాడేనని వేరే ఆధారాలతో నిరూపించుకోవాలి. ఇది కదా ఎపిసోడ్ అంటే! కానీ రైటర్‌కి చెంపదెబ్బే ఈజీ.

నార్కో టెస్ట్ సీన్లూ అంతే. మనిషి ఒప్పుకోకుండా అది చెయ్యకూడదని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పేసింది.

ఇక నా ఫీల్డ్. సీసీటీవీ ఫ్రేమ్‌ని "జూమ్ చెయ్" అనగానే నంబర్ ప్లేట్ మెరిసిపోతుంది. ప్లేట్ వెడల్పు మొత్తం 10 పిక్సెల్స్ ఉంటే పది అక్షరాలు ఎక్కడ పడతాయండీ? ఏఐ యాప్‌లో పెట్టినా అది పోయిన అంకెని తేదు, ఉండొచ్చనుకున్న అంకెని గీస్తుంది. 3 కాస్తా 8 అయితే పోలీసులు వేరేవాళ్ల ఇంటికెళ్తారు.

హీరో చెడ్డవాడైతే నాకు ఓకే. బీబీసీ లూథర్ (2010) మొదట్లోనే హీరో ఒక హంతకుణ్ని పైనుంచి పడిపోనిస్తాడు. కానీ ఆ పని అతన్ని వెంటాడుతుంది. మన సీరియల్స్‌లో తన్నులు తిన్న మొదటి అనుమానితుడు నిర్దోషి అని తేలాక హీరో సారీ కూడా చెప్పడు. వెనక మ్యూజిక్ మాత్రం అతనికే.

సెల్ టవర్ లొకేషన్ సంగతి నెక్స్ట్ ఎపిసోడ్‌లో. బై.