ఫోన్ లాక్కుంటే కొడుతున్నాడా? పిల్లాడి కోపం వెనుక అసలు సంగతి ఇదీ..

అన్నం తినిపించాలంటే ఫోన్ చేతికివ్వాలి. తినడం అయ్యాక తీసుకుంటే.. ఇక చూడండి! కింద పడి దొర్లడం, ప్లేటు విసిరేయడం, అమ్మ చెంప మీద ఛెళ్లున ఒకటి ఇవ్వడం. మూడేళ్ల పిల్లలున్న చాలా ఇళ్లలో ఇదే సీన్. 'వీడు మొండిఘటం' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. కానీ ఇది నిజంగా మొండితనమేనా?

ఒకటి నుంచి నాలుగేళ్ల వయసులో పేచీలు మామూలే. కోపాన్ని ఆపుకోవడం మెదడు ముందు భాగం పని. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే ఆ భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. అంటే మూడేళ్ల బుడతడి బండికి బ్రేకులు ఇంకా బిగించలేదన్నమాట. పైగా కోపాన్ని చెప్పుకోవడానికి సరిపడా మాటలు రావు. అందుకే చెయ్యి లేస్తుంది.

అసలు చిక్కు మన దగ్గరే మొదలవుతుంది. ముందు 'ఇవ్వను' అంటాం. వాడు గోల పెంచుతాడు. 'పసివాణ్ని ఏడిపిస్తావేంటమ్మా' అని నానమ్మ అందుకుంటుంది. ఫోన్ ఇచ్చేస్తాం. ఏడుపు టక్కున ఆగిపోతుంది. అందరికీ హాయి! కానీ వాడికి అర్థమైంది ఒక్కటే.. కొడితే ఫోన్ వస్తుంది. రేపు ఇంకాస్త గట్టిగా కొడతాడు. పోనీ మనమూ ఒక్కటిస్తే? ఆ కాసేపు ఆగుతాడేమో. కోపం వస్తే కొట్టొచ్చని నేర్పింది మాత్రం మనమే అవుతాం.

కొట్టబోతే చెయ్యి మెల్లగా పట్టుకుని ఆపండి. 'నీకు కోపం వచ్చింది, కానీ కొట్టనివ్వను'.. అంతే, చిన్న మాట చాలు. ఆ టైంలో క్లాస్ పీకితే బుర్రకెక్కదు. చల్లారాకే మాట్లాడాలి. 'ఈ పాట అయ్యాక ఆపేద్దాం' అని ముందే చెప్పి, వాడితోనే ఆఫ్ చేయించినా గోల తగ్గుతుంది. ఇవ్వకూడదని గట్టిగా అనుకుంటే మాత్రం మొదటి కొన్ని రోజులు పేచీ ఇంకా పెరగొచ్చు. చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. అప్పుడు ఇచ్చారంటే మళ్లీ మొదటికే. నానమ్మను ముందే ఒప్పించుకోండి (అన్నింటికన్నా కష్టమైన పని ఇదేనేమో!). 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

అన్నీ వయసు పేచీలే అనుకోవడానికి లేదు. తరచూ తల గోడకేసి కొట్టుకోవడం, తనను తానే కొరుక్కోవడం, అరగంటైనా శాంతించకపోవడం, మాటలు ఆలస్యం కావడం.. ఇలాంటివి కనిపిస్తే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. జిల్లాల్లోని ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాల్లో ఉచితంగానే పరీక్షిస్తారు. ఇక ఈ గోలతో మీకే ఓపిక అయిపోతుంటే.. టెలీ మానస్ 14416కి కాల్ చేయొచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.