నేల తేమ సంకేతం – స్టార్టర్: తీగ తెగితే తెలిపే మూడు స్థితుల అమరిక

పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు అల్ప వర్షపాత మండలంలోనివి. ఇక్కడ బోరుబావుల కింద నేల తేమను బట్టి మోటారును స్వయంచాలకంగా నడపాలంటే రెండు అవసరాలు తీరాలి. తడి నేలలోని సెన్సార్ తీగకు స్టార్టర్‌లోని 415 వోల్టుల విద్యుత్తు చేరకూడదు. ఆ తీగ తెగితే స్టార్టర్ వద్ద తెలియాలి.

మొదటి అవసరాన్ని ఆప్టోకప్లర్ తీరుస్తుంది. దానిలో ఒకవైపు ఎల్ఈడీ, మరోవైపు ఫోటోట్రాన్సిస్టర్ ఉంటాయి. సంకేతం కాంతి రూపంలోనే దాటుతుంది.

అయితే ఒక ఆప్టోకప్లర్ రెండు స్థితులనే తెలుపుతుంది: కరెంటు ఉంటే ‘నడుపు’, లేకుంటే ‘ఆపు’. గుంటక తగిలి తీగ తెగినా, ఎలుకలు కొరికినా అది ‘ఆపు’గానే కనిపిస్తుంది. పూత, కాయ దశలోని పత్తికి నీరందని సంగతి మొక్కలు వాడేవరకు బయటపడదు. సంకేతాన్ని తారుమారు చేసి కరెంటు ఉంటే ‘ఆపు’ అనుకుంటే, తీగ తెగినప్పుడు మోటారు ఆగదు. బోరులో నీరు తగ్గితే కాలిపోతుంది.

పరిష్కారం సులభం. అవే రెండు తీగల చివర రెండు ఆప్టోకప్లర్ల ఎల్ఈడీలను ఎదురెదురు దిశల్లో సమాంతరంగా కలపాలి. సెన్సార్ వైపు రిలే 12 వోల్టుల డీసీ ధ్రువాలను మారుస్తుంది. అప్పుడు స్థితులు ఇలా ఉంటాయి:

• మొదటి ఎల్ఈడీ వెలిగితే: నడుపు
• రెండవది వెలిగితే: ఆపు
• ఏదీ వెలగకుంటే: తీగ తెగింది, కలిసిపోయింది లేదా సెన్సార్‌కు విద్యుత్తు లేదు

మూడవ స్థితిలో మోటారు ఆగి, హెచ్చరిక దీపం వెలగాలి.

ఎల్ఈడీ వద్ద సుమారు 1.2 వోల్టులు తగ్గుతాయి. మిగిలిన 10.8 వోల్టులకు 1 కిలో ఓమ్ నిరోధకం వాడితే 10.8 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. నిరోధకాన్ని సెన్సార్ వైపే ఉంచితే తీగలు కలిసిపోయినా కరెంటు 12 మిల్లీ ఆంపియర్లు మించదు. 0.5 చదరపు మి.మీ. రాగి తీగ 200 మీటర్ల దూరానికి రానుపోను 14 ఓమ్‌ల నిరోధమే చూపుతుంది కనుక సంకేతం బలహీనపడదు. వెలిగే ఎల్ఈడీ రెండవదానిపై వ్యతిరేక వోల్టేజిని 1.2 వోల్టులకే పరిమితం చేసి, దానిని కాపాడుతుంది.

రెండు వైపులకూ వేర్వేరు విద్యుత్ సరఫరా తప్పనిసరి. నెగటివ్ తీగ ఒకటే అయితే ఆప్టోకప్లర్ పెట్టిన ప్రయోజనం పోతుంది. స్టార్టర్ పనిని అర్హత గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి. అమర్చిన తరువాత విస్తరణ శాస్త్రవేత్తలు రైతు ఎదుట సెన్సార్ తీగను విప్పి, మోటారు ఆగి దీపం వెలుగుతున్నదీ లేనిదీ పరీక్షించాలి.