ఔబమెయాంగ్‌ని ఆర్సెనల్ ఫ్రీగా ఎందుకు వదిలేసింది?

ఔబమెయాంగ్ గుర్తున్నాడు కదా? 2018లో ఆర్సెనల్ దాదాపు 5.6 కోట్ల పౌండ్లు పోసి కొన్న స్ట్రైకర్. 2020 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో చెల్సీ మీద రెండు గోల్సూ అతనివే. అలాంటోణ్ని 2022 ఫిబ్రవరిలో బార్సిలోనాకి ఫ్రీగా పంపేశారు. కొంతమంది ఫ్యాన్స్ "పిచ్చి పట్టిందా?" అన్నారు, ఇంకొంతమంది "పీడ విరగడైంది" అన్నారు.

ముందు జీతం లెక్క చూద్దాం. 2020 సెప్టెంబర్‌లో మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. అంటే ఇంకా ఏడాదిన్నర దాకా మిగిలుంది. అప్పటి వార్తల ప్రకారం అతని జీతం వారానికి 2.5 లక్షల పౌండ్ల పైనే. తక్కువలో తక్కువ వేసుకున్నా 1.8 కోట్లు దాటుతుంది! డిసెంబర్‌లోనే క్రమశిక్షణ పేరుతో కెప్టెన్సీ పీకేసి, టీమ్‌లోంచి కూడా తీసేశారు. ఆడించని మనిషికి అంత కట్టే బదులు, ఇద్దరూ ఒప్పుకుని కాంట్రాక్ట్ రద్దు చేసుకుంటే పెద్ద మొత్తమే మిగులుతుంది. మన ఐటీ వాళ్ల ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ లాంటిదే అనుకోండి, సున్నాలే ఎక్కువ.

సో, పంపడం నాకు కరెక్టే అనిపిస్తుంది. కానీ అతని ప్లేస్‌లో ఆ జనవరిలో ఒక్క స్ట్రైకర్‌నీ కొనలేదు, అసలు గొడవ అక్కడే. ఉన్న లకజెట్ సీజన్ మొత్తానికి లీగ్‌లో కొట్టినవి 4 గోల్స్. ఔబమెయాంగేమో అక్కడ సగం సీజన్‌లోనే లా లీగాలో 11 కొట్టాడు. చివరికి ఆర్సెనల్ 5వ ప్లేస్. 2 పాయింట్ల తేడాతో ఛాంపియన్స్ లీగ్ బెర్త్ పోయింది, అదీ టాటెన్‌హామ్‌కి!

గాబ్రియెల్ జీసస్‌ని కొన్నది జూలైలో.