దుఃఖానికీ చికిత్స ఉంది

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతాలో మన తెలుగు ఇంజనీరు ఒకరిని జాతి ద్వేషంతో కాల్చి చంపారు. ఆ వారం నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే మా పాప గుమ్మం దగ్గర నిలబడి, "నాన్నా, సాయంత్రం వచ్చేస్తావు కదా?" అని అడిగింది. వచ్చేస్తానమ్మా అన్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముక్కూ మొహం తెలియని మాకే ఇలా ఉంటే, ఆ ఇంటివాళ్ళ మాటేమిటి? నేను డాక్టరుని కాను. అప్పటి నుంచి చదివి తెలుసుకున్న నాలుగు సంగతులు మీతో పంచుకుంటున్నాను.

దుఃఖం జబ్బు కాదు. కాలం గడిచేకొద్దీ చాలామంది కోలుకుంటారు. కొందరికి మాత్రం ఏడాది దాటినా తొలిరోజంత పచ్చిగానే ఉంటుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో దీన్ని "ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్" అనే పేరుతో తన జబ్బుల పట్టికలో చేర్చింది. పెద్దలకైతే కనీసం ఏడాది, పిల్లలకైతే ఆరు నెలలు గడిచాకే ఆ మాట వాడాలి. హఠాత్తుగా, హింస వల్ల ఆప్తులను పోగొట్టుకున్న వారికి ఈ ముప్పు ఎక్కువ. టీవీలు, కోర్టు వాయిదాలు గాయాన్ని మళ్ళీ మళ్ళీ రేపుతాయి.

దీనికి డాక్టర్ క్యాథరిన్ షియర్ 16 సెషన్ల చికిత్సను రూపొందించారు. 2005లో వెలువడిన ఆమె పరిశోధనలో ఈ పద్ధతిలో నూటికి 51 మందికి గుణం కనిపించింది. పోల్చి చూసిన మరో చికిత్సలో 28 మందికే. ఇందులో రోగి ఆ మరణవార్త విన్న క్షణాన్ని కళ్ళు మూసుకుని చెబుతారు, దాన్ని రికార్డు చేసి ఇంట్లో మళ్ళీ వింటారు. భయపడి వదిలేసిన చోట్లకు మెల్లగా తిరిగి వెళతారు. తమ బతుకులో ఇక ముందు ఏం కావాలో కూడా ఆలోచిస్తారు.

మరి థెరపిస్టుకు విడిగా శిక్షణ ఎందుకు? ఎదుటివారు ఏడుస్తుంటే ఊరుకోమని మాట మార్చడం మన సహజ గుణం. ఇక్కడ మాట మార్చకూడదు, తొందరపెట్టనూ కూడదు. అందుకే ముందు ఒకరితో ఒకరు అభినయించి నేర్చుకుంటారు. తర్వాత వారు చేసిన సెషన్లను అనుభవజ్ఞులు పరిశీలించి తప్పులు దిద్దుతారు. మా భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ!

నిపుణులంతా బయటి నుంచే రానక్కరలేదు. 1998 ఆగస్టు 15న ఉత్తర ఐర్లండ్‌లోని ఓమా పట్టణంలో కారు బాంబు పేలి 29 మంది చనిపోయారు. ఆ భయం, పీడకలలు వదలని వారి కోసం అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందికే కాగ్నిటివ్ థెరపీ నేర్పారు. వారు చికిత్స చేసిన 91 మంది ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. మొత్తం మీద రోగుల పరిస్థితి బాగా మెరుగుపడింది. ఐతే ఊరివాళ్ళే కాబట్టి ఆ దుఃఖం థెరపిస్టులదీ అవుతుంది. వారికీ తోడు కావాలి.

మనం చేయగలిగిందీ ఉంది. పిల్లలకు "నిద్రపోయారు", "ఊరెళ్ళారు" అనకుండా "చనిపోయారు" అనే చెబుదాం. పదకొండో రోజు తర్వాత కూడా ఆ ఇంటికి వెళ్దాం, పోయినవారిని పేరుపెట్టి తలుచుకుందాం. అవసరమైతే థెరపిస్టు దగ్గరకు వెళ్ళమని చెబుదాం, తోడుగా కారులో తీసుకెళ్దాం. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాలు విరిగితే ఆస్పత్రికి వెళ్ళడంలేదూ?